పీ తర్వాత ఏడు చుక్కలు

ప్రెస్సులో ఆయన్ని అందరూ అరసున్న అనేవారు. పాత పుస్తకాల్లో కొన్ని అక్షరాల ముందు సగం సున్న ఒకటి ఉండేది. ఉన్నా లేకపోయినా మాట పలకడంలో పెద్ద తేడా రాదు, ఇప్పుడైతే దాన్ని వేసేవాళ్ళే లేరు. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి, గదిలో ఉన్నాడో లేడో తెలియకుండా ఉంటాడని సీసపు అచ్చుల రోజుల్లో అక్షరాలు పేర్చే కంపోజిటర్లు తగిలించిన పేరది. ఎదురుగా మాత్రం మాస్టారూ అనేవారు. వెనక ఏమంటారో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని వాళ్ళకీ తెలుసు.

ఆ ప్రెస్సులో స్కూలు పుస్తకాలు అచ్చువేస్తారు. అరసున్న అక్కడ ముప్ఫై ఆరేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. రాతప్రతి ఎడమ పక్కన, ప్రూఫు కుడి పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్ను చెవికి తగిలించుకుని కూర్చున్నాడంటే మధ్యాహ్నం గంట కొట్టేదాకా లేవడు. తప్పు దొరికితే నోరు విప్పడు, నాలుక మాత్రం చిన్నగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని పక్కగదిలో టైపు చేసే అమ్మాయిలు, ఇవాళ ఎన్ని పడ్డాయో లెక్క వేసుకునేవారు. ఆ అలవాటు ఆఫీసు దాటినా ఆయన్ని వదల్లేదు. మందు సీసా మీది కాగితం, బస్సు వెనకాల రాసిన హెచ్చరిక, దేన్నీ దిద్దకుండా చదవలేడు. ఒకసారి జ్వరంతో ఆస్పత్రిలో పడుకుని, మంచం దగ్గర తగిలించిన చీటీలో తన రోగం పేరు దిద్దాడు. డాక్టరు ఏమీ అనలేదు, భార్య మాత్రం చాలాకాలం అంటూనే ఉంది.

ఆయన తల్లి అదే ప్రెస్సులో బైండింగు విభాగంలో కాగితాలు మడిచేది. పాడైన ఫారాలు ఇంటికి తెచ్చేది. ఒక్కో ఫారంలో పదహారు పేజీలుండాలి. పాడైనవాటిలో ఒక వైపే అచ్చయి ఉండేది కాబట్టి ఒకటో పేజీ చదివితే రెండో పేజీ ఉండదు, నాలుగూ అయిదూ ఉంటే ఆరూ ఏడూ ఉండవు. అరసున్నకు చదవడం వచ్చింది ఆ కాగితాల మీదే. లేని పేజీలో ఏముంటుందో మనసులో కల్పించుకుని, అక్కడినుంచి ఉన్న పేజీలోకి దూకేవాడు. ఖాళీ కనిపిస్తే దాన్ని నింపందే ఊరుకోలేని గుణం అప్పుడే పట్టుకుంది. ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ గుణం ఆయన్ని ఒకే ఒక్కసారి ఇరకాటంలో పెట్టింది.

అది పన్నెండేళ్ళ కిందటి మాట. పదో తరగతి రసాయన శాస్త్రం పుస్తకం అచ్చుకు వెళ్ళాలి. రాసింది కాలేజీలో పాఠాలు చెప్పే కెమిస్ట్రీ మేడమ్. ఆవిడంటే ప్రెస్సులో అందరికీ హడల్. ఒక కామా స్థానం మారిందని ఫారమంతా మళ్ళీ వేయించిన మనిషి. ఆమ్లాలు, క్షారాల పాఠంలో పీహెచ్ గురించి ఒక పేజీ ఉంది. ఒక ద్రవం ఎంత పులుపో, ఎంత సబ్బులాంటిదో చెప్పే అంకె అది. నిమ్మరసానికి రెండు, మంచినీళ్ళకు ఏడు, సబ్బునీళ్ళకు పది అని ఆవిడ చక్కగా రాసుకొచ్చింది. ఆ కిందనే ఈ వాక్యాలున్నాయి: ‘పీహెచ్‌లో హెచ్ అంటే హైడ్రోజన్. పీ అంటే’. ఆ తర్వాత మాట లేదు. ఏడు చుక్కలున్నాయి.

మేడమ్ తర్వాత రాద్దామని వదిలేసి మరిచిపోయి ఉంటుందని అరసున్న అనుకున్నాడు. అడుగుదామంటే ఆవిడ చెల్లెలి కంటి ఆపరేషనుకని వేరే ఊరు వెళ్ళింది, ఫోను కలవలేదు. మెషీను దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు. అప్పటి మేనేజరు రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్ళాడు. అరసున్న అలమరలోంచి ఒక పాత గైడు తీశాడు. అందులో ‘పీ అంటే పవర్, అనగా ఘాతం’ అని ఉంది. ఎర్ర పెన్నుతో ఆ చుక్కల మీద అడ్డంగా గీత గీసి ఆ మాట ప్రూఫులో రాసేశాడు. రాతప్రతిలో లేని మాటను ఆయన సొంతంగా వేయడం అదే మొదలు, అదే ఆఖరు. మేడమ్ తిరిగొచ్చాక చెబుదామనుకున్నాడు. తిరిగొచ్చింది, చెప్పలేదు. వారం గడిచింది, నెల గడిచింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. పుస్తకం ఏటా మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ వచ్చింది. ప్రతి ఏడూ ఆ పేజీ చేతికి వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఆయన చూడకుండా దాటేసేవాడు.

ఇంక ఎనిమిది నెలల్లో రిటైరవుతాడనగా ఉత్తరం వచ్చింది.

ఇప్పటి మేనేజరు వయసులో చిన్నవాడు, హడావిడి మనిషి. ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టి సంగతంతా నిలబడే చెప్పాడు. రాసింది ఎక్కడో చిన్న ఊళ్ళో సైన్సు పాఠాలు చెప్పే టీచరమ్మ. ఆవిడ దగ్గర చదివే ఒక అమ్మాయి సైన్సు పాఠశాలలో సీటు కోసం పరీక్ష రాసింది. పీహెచ్‌లో పీ అంటే ఏమిటన్న ప్రశ్నకు పొటెన్షియల్ అని రాసింది. ఈ ప్రెస్సు వేసిన పుస్తకంలో పవర్ అని ఉంది కాబట్టి తప్పన్నారు. అర మార్కుతో సీటు పోయింది. వేరే పుస్తకాల్లో పొటెన్షియల్ అనే ఉంది, మీరు దేని ఆధారంగా వేశారో రాతప్రతితో సహా చూపించండి అని టీచరమ్మ అడిగింది. ఎక్కడా కటువుగా లేదు, ఒక్క అక్షరదోషమూ లేదు. అరసున్నకు అదే ఎక్కువ భయం వేసింది.

“మీరేం కంగారు పడకండి మాస్టారూ,” అన్నాడు మేనేజరు. “మేడమ్ రాసిందే మనం వేశామని జవాబిచ్చేద్దాం. ఆ పాత రాతప్రతి గోడౌన్లో ఉంటుంది, కాస్త వెతికిపెట్టండి. శుక్రవారం పాఠ్యపుస్తకాలను ఆమోదించే కమిటీ వస్తోంది, వాళ్ళ ముందు పెడితే సరిపోతుంది.”

అరసున్న ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. తన మీదికి వస్తే ఒక దారి. చేయని తప్పు ఆ పెద్దావిడ నెత్తిన పడబోతోంది.

గోడౌను ప్రెస్సు వెనకాల, రేకుల కప్పు కింద. కట్టలు కట్టలుగా రాతప్రతులు, ఒక్కో కట్ట మీద సంవత్సరం. కావలసిన కట్ట మూడో అరలో దొరికింది. చెదలు అంచులన్నీ నమిలేశాయి. కొన్ని పేజీల్లో సగం పాఠమే మిగిలింది. ఆ పేజీని మాత్రం ఏం చేయలేదు. ఏడు చుక్కలూ నిన్న పెట్టినట్టు నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. ఇంత పుస్తకం తిన్న చెదపురుగులకు ఈ ఒక్క కాగితం ఏం చేదుగా తగిలిందో అనుకున్నాడాయన. చుట్టుపక్కల ఎవరూ లేరు. పేజీ తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆ నిమిషంలో ఆయన్ని అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే పని చేస్తుంది. పెళ్ళికి ముందు ఆయన మొదటి కళ్ళజోడు చేసిందీ ఆవిడే. సాయంత్రం ఆవిడ ఇంటికి వచ్చి చెప్పులు విప్పేసరికి ఆయన కాగితం ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాడు. పన్నెండేళ్ళుగా ఇంట్లో కూడా చెప్పలేదన్నది ఆవిడకు ముందు తగిలింది, దాని గురించి నాలుగు మాటలంది. తర్వాత కాగితం తీసుకుని కిటికీ దగ్గరకెళ్ళి చూసింది.

“చింపేద్దామనుకున్నారా?” అని అడిగింది.

“అనుకున్నానేమో. తెలీదు.”

“చింపేవాళ్ళయితే ఇంటిదాకా తెచ్చేవారు కాదు. రేపు పొద్దున్నే ఆవిడ దగ్గరకెళ్ళండి. ఆవిడ తిట్టేదేదో మిమ్మల్ని తిట్టాలి గానీ, కమిటీ వాళ్ళు ఆవిణ్ణి అనడమేంటి?”

మర్నాడు సెలవు పెట్టి బయల్దేరాడు. మేడమ్ రిటైరై చాలా ఏళ్ళయింది. నగరానికి ఆ చివర ఒక మూడంతస్తుల ఇంట్లో ఉంటోంది. లిఫ్టు లేదు. ఒక్కో మెట్టుకూ ఒక్కో వాక్యం తయారుచేసుకుంటూ ఎక్కాడు గానీ పైకి చేరేసరికి ఒక్కటీ గుర్తులేదు. తలుపు తీసింది ఆవిడ భర్త. చేతిలో మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా ఉంది. ప్రెస్సు నుంచి వచ్చానంటే, లోపలికి తిరిగి, మళ్ళీ నీ కామాలవాళ్ళు వచ్చారని కేకేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

మేడమ్ సోఫాలో మోకాలి మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది, చూపు మాత్రం అదే. ఆయన్ని గుర్తుపట్టింది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి ఆవిడ ముందు పెట్టాడు.

“ఇక్కడ మీరు చుక్కలు పెట్టారమ్మా. పవర్ అన్న మాట మీరు రాయలేదు. నేనే వేశాను. మీకు చెప్పలేదు.”

ఉత్తరం సంగతి, ఆ అమ్మాయి సీటు సంగతి, శుక్రవారం సంగతి కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం వంక చాలాసేపు చూసింది.

“అయితే అది మీకు తెలిసి వేయలేదా?” అంది ఆవిడ చివరికి.

గైడులో చూసి వేశానన్నాడు.

అప్పుడు ఆవిడ నవ్వింది. మొదట పెదాలతో, తర్వాత భుజాలు కదిలేలా, చివరికి మోకాలి మీది సంచి జారిపడేంతగా నవ్వింది. ఆయన వంగి సంచి తీసిచ్చాడు. ఏం చేయాలో తెలియక అది చేశాడు.

ఆవిడ చెప్పిందాని సారాంశం ఇది. ఆ చుక్కలు ఆవిడ మరిచిపోయి వదిలినవి కావు. ఇరవై ఏళ్ళు క్లాసులో పవర్ అనే చెప్పింది. పుస్తకం రాసేటప్పుడు ఎందుకైనా మంచిదని నాలుగు పుస్తకాలు తిరగేస్తే నాలుగు రకాలుగా ఉంది. ఈ పీహెచ్‌ను నూరేళ్ళ కిందట ఒక చలిదేశంలో, బీరు కంపెనీ వాళ్ళ లేబొరేటరీలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. పీ అక్షరం ఎందుకు పెట్టుకున్నాడో ఎక్కడా విడమరిచి చెప్పలేదు. కొందరు పవర్ అన్నారు, కొందరు పొటెన్షియల్ అన్నారు. ఆయన రాసిన భాషల్లో ఘాతానికున్న మాట కూడా పీతోనే మొదలవుతుంది కాబట్టి అదేనని ఇంకొందరు. ఇవేవీ కావు, ప్రయోగంలో రెండు ద్రావణాలుంటే ఒకదానికి పీ అనీ, రెండోదానికి క్యూ అనీ ఊరికే గుర్తులు పెట్టుకున్నాడు, అందులో పీ అలా అతుక్కుపోయిందని మరికొందరు. హెచ్ అంటే హైడ్రోజన్ అన్నదొక్కటే అందరూ ఒప్పుకునే సంగతి.

“ఆ వాక్యం మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను,” అంది మేడమ్. “తెలీదు అని రాయడానికి నాకు నామోషీ. పదో తరగతి పుస్తకం, పైగా నా పేరు. అందుకే చుక్కలు పెట్టాను. మీవాళ్ళు అడుగుతారు, అప్పుడు చూసుకుందామనుకున్నాను. ఎవరూ అడగలేదు. పుస్తకం వచ్చాక తెరిచి చూస్తే పవర్ అని ఉంది. హమ్మయ్య, ప్రెస్సులో ఎవరో తెలిసినవాళ్ళున్నారు, సరిచూసే వేసి ఉంటారనుకుని ఊపిరి పీల్చుకున్నాను. పన్నెండేళ్ళుగా నేను మీ మీద భరోసాతో ఉన్నానండీ.”

“తప్పయితే మీరే పట్టుకుంటారని నేనూ మీ మీద భరోసాతో ఉన్నానమ్మా,” అన్నాడు అరసున్న. అప్పుడు కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, మెట్లు దిగి వెళ్ళిపోవాలన్న తొందర ఎక్కడా లేదని. గుండె మీద పెట్టుకున్న బండ ఎవరో వచ్చి పక్కన పెట్టినట్టుంది. తప్పు చేయలేదని కాదు. చేశాడు. కానీ ఇన్నాళ్ళూ అనుకున్న తప్పు అది కాదు. పిల్లలకు అబద్ధం నేర్పించానని అనుకున్నాడు. తీరా చూస్తే, ఎవరికీ తెలియనిదాన్ని తెలిసినట్టు వేశాడు. అంతవరకే.

కాఫీ వచ్చింది. మేడమ్ భర్త తనకూ ఒక కప్పు తెచ్చుకుని కూర్చున్నాడు. కబుర్లలో ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. మొదట్లో ఆ హెచ్‌ను పీ కింద చిన్నగా వేసేవారట. తర్వాత అచ్చు పనికి సులువుగా ఉంటుందని పీ పక్కన, అదే వరుసలోకి తెచ్చారట. ఇంతదాకా తెచ్చింది సగం మీ అచ్చువాళ్ళ బాధలు, మిగతా సగం మా సైన్సువాళ్ళ మొహమాటం అంది. కింద చిన్న అక్షరం వేయాలంటే సీసం రోజుల్లో ఎంత నరకమో అరసున్న అరగంట చెప్పాడు. ఆయన అంతసేపు మాట్లాడటం ఆయనే ఎరగడు.

అక్కడే కూర్చుని ఇద్దరూ టీచరమ్మకు జవాబు రాశారు. మేడమ్ చెబితే ఆయన రాశాడు. ఒకచోట ఆవిడ వాక్యం మరీ పొడుగైందని రెండు ముక్కలు చేయమన్నాడు. చేసింది. కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మేనేజరుకు చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. గురువారం పొద్దున అరసున్న కాగితాన్నీ, జవాబునూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పేసరికి అతను లేచి తలుపేశాడు. ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని రాతప్రతిలో లేనిది ఎలా వేస్తారని, తనకైనా ముందే ఎందుకు చెప్పలేదని, కమిటీ ముందు ప్రెస్సు పరువేం కావాలని అయిదు నిమిషాలు దులిపేశాడు. అరసున్న తల వంచుకుని విన్నాడు. అతనన్నదాంట్లో ఒక్క మాట కూడా తీసేయదగ్గది లేదనిపించింది. దులిపి దులిపి మేనేజరే అలసిపోయి కూర్చున్నాడు. జవాబు చదివాడు. మళ్ళీ చదివాడు.

“నిజంగానే ఎవరికీ తెలీదా మాస్టారూ?”

“కచ్చితంగా తెలిసినవాళ్ళెవరూ లేరట.”

“నేను పరీక్షలో పొటెన్షియల్ అని రాశాను,” అన్నాడు మేనేజరు. గొంతు తగ్గింది. “మార్కు వేశారు.”

శుక్రవారం కమిటీవాళ్ళు అయిదుగురు వచ్చారు. వాళ్ళ వెనకాలే, ఎవరూ పిలవకుండానే, మేడమ్ ఆటోలో వచ్చి ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో అరసున్న భుజం పట్టుకుని మెట్లెక్కింది. ఆవిణ్ణి చూసి ఇద్దరు సభ్యులు లేచి నిలబడ్డారు. ఇద్దరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. అరసున్న తన మాట తాను చెప్పుకున్నాడు. మేడమ్ తన చుక్కల సంగతి దాచకుండా చెప్పింది. కమిటీ పెద్ద అంతా విని, ఇదంతా సరేగానీ పాఠ్యపుస్తకంలో తెలియదు అని ఎలా వేస్తాం, పిల్లలు ఏమనుకుంటారు అని అడిగాడు.

“పెద్దవాళ్ళు కూడా నిజం చెబుతారనుకుంటారు,” అంది మేడమ్.

దాని మీద ఇంకో గంట మాటలు నడిచాయి. ఒకరు చుక్కలే ఉంచేద్దామన్నారు, ఒకరు వాక్యం మొత్తం తీసేద్దామన్నారు. చివరికి కొత్త ముద్రణలో ఇలా వేయాలని తేలింది: ‘హెచ్ అంటే హైడ్రోజన్. పీ దేనికి గుర్తో కచ్చితంగా తెలియదు. పవర్ అని కొందరు, పొటెన్షియల్ అని కొందరు అంటారు.’ సైన్సు పాఠశాల పరీక్షవాళ్ళకు కూడా కమిటీ తరఫున ఉత్తరం వెళ్ళింది, ఆ ప్రశ్నకు ఏది రాసినా మార్కు ఇవ్వాలని. అరసున్న మీద ఏం చర్య తీసుకోవాలన్న మాట వచ్చినప్పుడు, ఇక మీదట రాతప్రతిలో ఖాళీ కనిపిస్తే రాసినవాళ్ళ సంతకం లేకుండా ఫారం మెషీనుకు వెళ్ళకూడదని ఒక నియమం రాయించి, దాన్ని ఆయన చేతే దిద్దించి గోడకు అంటించారు. అంతటితో సరిపెట్టారు.

అయినా అరసున్నకు పూర్తిగా ఊరట కలగలేదు. ఆ అమ్మాయి ఉంది కదా. పరీక్షవాళ్ళు వింటారో వినరో. సీట్లు నిండిపోయాయేమో. మూడు వారాలు పోస్టు వచ్చే వేళకు ఏదో పని ఉన్నట్టు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు.

నాలుగో వారం సోమవారం టీచరమ్మ దగ్గర్నుంచి కవరు వచ్చింది. పేపర్లు మళ్ళీ చూశారట. ఆ అర మార్కు కలిసిందట. అమ్మాయికి సీటిచ్చారు, పెట్టె సర్దుకుని వెళ్ళింది కూడా. వెళ్ళే ముందు ఒక చీటీ రాసి, మడిచి అంటించి టీచరమ్మకు ఇచ్చి, ప్రెస్సులో పవర్ అని వేసిన ఆయనకు పంపమందట. చీటీ కవర్లోనే ఉంది. ‘నమస్కారమండీ. నేను కూడా తెలీకుండానే రాశాను. ఉహించి రాశాను. ఈ మాట మా టీచరుగారికి చెప్పలేదు’ అని ఉంది. అందులో ఒక మాటకు దీర్ఘం లేదు. అరసున్న చేయి చెవి దాకా వెళ్ళింది, పెన్ను తీయలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మేనేజరుకు చెప్పి, మధ్యాహ్నం గంట ఇంకా కొట్టకుండానే బయటపడ్డాడు.

కళ్ళజోళ్ళ దుకాణం నాలుగు వీధుల అవతల. భార్య వెనక గదిలో సానరాయి ముందు కూర్చుని ఉంది. చక్రం తిరుగుతోంది, నీటి చుక్కలు చిమ్ముతున్నాయి. ఆయన ఆ వేళప్పుడు ఎన్నడూ రాలేదు. ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ కంగారుపడలేదు.

“ఉండండి, చేతిలో అద్దం ఉంది,” అంది.

గిరాకీలు కూర్చునే స్టూలు లాక్కుని ఆయన కూర్చున్నాడు. ఎదుటి గోడ మీద కంటి పరీక్ష బోర్డు ఉంది. పెద్ద అక్షరం నుంచి చివరి వరుస దాకా తీరుబడిగా చదువుకున్నాడు. ఆవిడ అద్దం అంచు వేలితో తడిమి చూసి, గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి పెట్టింది. చక్రం ఆపింది.

“ఇప్పుడు చెప్పండి,” అంది చేతులు తుడుచుకుంటూ.

ఆయన జేబులోంచి చీటీ తీసి ఆవిడ చేతికిచ్చాడు.